700 హార్స్‌పవర్ రోడ్డు కారుకూ ఎఫ్1 కారుకూ ఒకే ట్రాక్‌లో 36 సెకన్ల తేడా: ఎక్కడ పోతోంది ఆ టైమ్?

పెన్నేటి టర్బో (అనంతపురం)

అందరికీ నమస్తే. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాక్ టైములు రెండు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నా, లెక్క కుదరడం లేదు. 2018లో మన మాజీ ఫార్ములా వన్ (ఎఫ్1) డ్రైవర్ నరేన్ కార్తికేయన్ పోర్షే 911 జీటీ2 ఆర్‌ఎస్‌తో తీసిన ల్యాప్ 2:00.26. అది 700 హార్స్‌పవర్ కారు, నంబర్ ప్లేటుతో రోడ్డు మీద తిరిగే బండి. అదే ట్రాక్‌లో 2013 ఎఫ్1 క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే ల్యాపుల్లో, సెబాస్టియన్ వెటెల్ పోల్ (మొదటి స్థానం) టైమ్ 1:24.119. అప్పటి 2.4 లీటర్ల వీ8 ఇంజన్ సుమారు 750 హార్స్‌పవర్, కెర్స్ (బ్రేకు వేసినప్పటి శక్తిని దాచి తిరిగి ఇచ్చే ఏర్పాటు) వాడితే ల్యాపులో ఆరేడు సెకన్ల పాటు ఇంకో 80. పవర్‌లో పెద్ద తేడా లేదు కదా. టాప్ స్పీడ్ అయితే పోర్షేదే పైచేయి, 340 కిలోమీటర్లు. మరి 36 సెకన్లు యాడికి పోయినట్టు?

ఇంకో రెండు సందేహాలు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "మామూలు కారుకు స్లిక్ టైర్లు వేస్తే సగం రేస్ కారు అయినట్టే" అంటున్నాడు (స్లిక్ అంటే గాడులు లేని రేస్ టైరు), నిజమేనా? జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ రికార్డులని వార్తల్లో వచ్చే టైములు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడొచ్చా?

నా దగ్గరున్నది 1.0 టర్బో పెట్రోల్ సెడాన్. 115 హార్స్‌పవర్, దగ్గర దగ్గర 1,200 కిలోలు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ డేకి (సొంత కారుతో రేస్ ట్రాక్‌లో తిరగనిచ్చే రోజు) తీసుకుపోవాలని ఉంది. ముందు ఏది మార్చాలి, టైమ్ ఎట్లా కొలవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బురుజు కర్నూలు

తమ్ముడూ, హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూస్తే ఈ లెక్క ఎన్నటికీ కుదరదు. దాని పక్కన బరువు పెట్టి చూడు. 2013 నిబంధనల ప్రకారం ఎఫ్1 కారు కనీస బరువు డ్రైవర్‌తో కలిపి 642 కిలోలు. జీటీ2 ఆర్‌ఎస్ ఖాళీ బరువే 1,470, డ్రైవర్ ఎక్కితే 1,545 దాకా. ఒక్కో హార్స్‌పవర్ మోయాల్సింది ఎఫ్1లో 0.86 కిలో, పోర్షేలో 2.2 కిలోలు. అంటే స్ట్రెయిట్‌లో కూడా రెండూ సమానం కావు. టాప్ స్పీడ్ అనేది ఎంతో దూరం తొక్కితే వచ్చే అంకె, ట్రాక్‌లో అంత దూరం దొరకదు. ఎఫ్1 కారు రెక్కలు గాలిని అడ్డుకుంటాయి కాబట్టి దాని టాప్ స్పీడ్ తగ్గుతుంది. ఆ వేగం పోగొట్టుకుని మలుపులో దానికి ఎన్నో రెట్లు రాబట్టుకోవడానికే ఆ రెక్కలు.

అసలు టైమ్ పోయేది మలుపులోనే. లెక్క చిన్నదే. మలుపులో పట్టు తప్పకుండా పోగలిగే వేగం = గ్రిప్ గుణకం × 9.81 × మలుపు వ్యాసార్ధం, దాని వర్గమూలం. వ్యాసార్ధం 100 మీటర్లు ఉన్న మలుపు తీసుకుందాం.

మామూలు మంచి రోడ్డు టైరు గ్రిప్ గుణకం 1.0 అనుకుంటే సెకనుకు 31.3 మీటర్లు, అంటే గంటకు 113 కిలోమీటర్లు. వేడెక్కిన స్లిక్ టైరుకు 1.5 వేసుకుంటే 138. ఇప్పుడు ఆ స్లిక్ టైరు మీద కారు బరువుకు సమానంగా డౌన్‌ఫోర్స్ (గాలి కారును కిందికి నొక్కే బలం) కూడా పడిందనుకో. టైరును నేలకు నొక్కే బలం రెండింతలైంది, పక్కకు తోయాల్సిన బరువు మాత్రం పెరగలేదు. వేగం 195కి పోతుంది. ఆ మలుపు 90 డిగ్రీలదైతే లోపలి దూరం 157 మీటర్లు. మొదటి కారుకు 5 సెకన్లు, రెండోదానికి 4.1, మూడోదానికి 2.9. ఒక్క మలుపులోనే రెండు సెకన్లు పోయాయి. బుద్ధ్‌లో మలుపులు 16. అన్నీ ఇంత వేగం మలుపులు కావు, నిజమే. కానీ మలుపులోంచి బయటికి వచ్చే వేగం తర్వాతి స్ట్రెయిట్ మొత్తం వెంట వస్తుంది. 113తో బయటపడ్డ కారు 195 అందుకునేసరికి రెండోది ముందర ఎక్కడో ఉంటుంది.

బ్రేకుల దగ్గర ఇంకా దారుణం. 250 నుంచి 80కి దిగాలి. రోడ్డు కారు సుమారు 1.1 జీతో (1 జీ అంటే భూమి ఆకర్షణకు సమానమైన త్వరణం) ఆగుతుంది, దానికి 200 మీటర్లు కావాలి. ఎఫ్1 కారుకు సగటున 3.5 జీ వేసుకుంటే 63 మీటర్లు చాలు. ఆ మధ్యలోని 137 మీటర్లు ఎఫ్1 డ్రైవర్ ఇంకా పూర్తి యాక్సిలరేటర్ మీదే ఉంటాడు. ఎఫ్1 కారులో అంత వేగం మీద యాక్సిలరేటర్ వదిలితే చాలు, గాలి ఒరిపిడికే దాదాపు 1 జీ వస్తుంది. మన కార్లు బ్రేకు గట్టిగా తొక్కినా దాని దగ్గరికే చేరతాయి.

సగటు వేగం చూసుకో: ఎఫ్1 గంటకు 219 కిలోమీటర్లు, జీటీ2 ఆర్‌ఎస్ 153. టాప్ స్పీడ్ 340 ఉన్న కారు సగటున దాంట్లో సగం కూడా అందుకోలేదు. ఆ 36 సెకన్లు పోయింది ఆ సగం కింది వేగాల దగ్గరే.

రోడ్డు కార్లలోనూ డౌన్‌ఫోర్స్ ఉంది, లేదనను. పోర్షే 911లో 992 తరం జీటీ3 ఆర్‌ఎస్ 200 కిలోమీటర్ల వేగంలో 409 కిలోలు, 285లో 860 కిలోలు నొక్కుతుందని పోర్షే చెప్పింది. రోడ్డు కారుకు అది చాలా ఎక్కువ. కానీ డౌన్‌ఫోర్స్ వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, అట్లే తగ్గుతుంది. 100కి దిగితే ఆ 409లో నాలుగో వంతే మిగులుతుంది, 102 కిలోలు. 1,450 కిలోల కారు మీద అది ఏ మూలకు? చిన్న చిన్న హెయిర్‌పిన్‌లలో (యూ ఆకారపు మలుపుల్లో) రెక్క పెద్దదైనా లాభం కనపడదు. ఎఫ్1 కారైతే 200కి చేరకముందే తన బరువును మించి నొక్కుతుంది.

సీమ స్లిప్‌స్ట్రీమ్ (అనంతపురం)

బురుజు అన్న చెప్పినదానికి ఇంకో ఉదాహరణ. ఫెరారీ 296 జీటీబీ రోడ్డు కారు హైబ్రిడ్, మొత్తం 830 హార్స్‌పవర్. అదే కారు రేస్ వెర్షన్ 296 జీటీ3లో హైబ్రిడ్ భాగం తీసేశారు, పవర్ 600 ప్రాంతంలో ఉంటుంది. 230 హార్స్‌పవర్ తగ్గించినా ట్రాక్‌లో రేస్ కారే ముందుంటుంది. బరువు తగ్గింది, స్లిక్ టైర్లు వచ్చాయి, ముందర స్ప్లిటర్ (బంపర్ కింది గాలి పలక), వెనక పెద్ద రెక్క వచ్చాయి.

పవర్ సమానంగా ఉన్న జత కావాలంటే పోర్షే 992 జీటీ3 రోడ్డు కారు, దాని రేస్ రూపం జీటీ3 కప్ చూడండి. రెండిట్లో 4.0 లీటర్ ఆరు సిలిండర్ల ఇంజనే, రెండూ 510 హార్స్‌పవర్. రోడ్డు కారు పీడీకే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో 1,435 కిలోలు, కప్ కారు 1,260. తగ్గిన 175 కిలోలు ఎక్కడివంటే సీట్లు, కార్పెట్లు, శబ్దం ఆపే మెత్తలు, కిటికీ అద్దాలు. కప్ కారులో అద్దాల బదులు పాలీకార్బొనేట్ ఉంటుంది. పైగా రోల్ కేజ్ (బండి పల్టీ కొడితే కాపాడే ఇనుప చట్రం) బరువు కలిపాక కూడా అంత తక్కువ.

ఇక నూర్‌బుర్గ్‌రింగ్ టైముల సంగతి. పోల్చే ముందు చూడాల్సినవి ఉన్నాయి, అవి చూడకపోతే పోలిక తప్పే.

మొదట ట్రాక్ పొడవు. పాత కొలత 20.6 కిలోమీటర్లు, ఇప్పటి పూర్తి కొలత 20.832. 992 జీటీ3 ఒకే ల్యాప్‌కు రెండు టైములు ప్రకటించారు: పొట్టిదానికి 6:55.34, పూర్తిదానికి 6:59.927. నాలుగున్నర సెకన్ల తేడా కారులో లేదు, గీత గీసిన చోటులో ఉంది. 2019కి ముందు వార్తల్లో వచ్చిన టైములు చాలావరకు పొట్టి కొలతవి. అక్కడి 24 గంటల రేసుకు వాడేది ఇంకో దారి, గ్రాండ్‌ప్రి ట్రాక్‌తో కలిపి 25.378 కిలోమీటర్లు. అందుకే జీటీ3 తరగతి రేస్ కార్ల (296 జీటీ3 లాంటివి) టైములు 8 నిమిషాల పైన కనిపిస్తాయి. అవి చూసి "రేస్ కారు కన్నా రోడ్డు కారే వేగం" అని రాసినవాళ్లను ఎంతమందిని చూశానో.

తర్వాత టైరు. ఆ జీటీ3 టైమ్ మిషలిన్ కప్ 2 ఆర్ టైర్లతో వచ్చింది. అది అదనంగా డబ్బు కట్టి ఎంచుకునే టైరు, ట్రాక్ కోసమే చేసింది. రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్నంత మాత్రాన మన షాపులో దొరికే టైరుతో సమానం కాదు.

మూడోది, క్వాలిఫయింగ్ టైమా, రేస్ టైమా? మీరు రాసిన 1:24.119 క్వాలిఫయింగ్‌ది. బుద్ధ్‌లో రేసులో వచ్చిన అత్యంత వేగవంతమైన ల్యాప్ 2011లో వెటెల్‌దే, 1:27.249. మూడు సెకన్ల తేడా. రేసులో పెట్రోలు బరువు ఉంటుంది, టైరు అరిగి ఉంటుంది, ఇంజన్‌ను కాపాడుకోవాలి.

ఇవన్నీ సరిచూశాక నిలబడే పోలిక ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1983లో స్టెఫాన్ బెల్లోఫ్ పోర్షే 956తో నూర్‌బుర్గ్‌రింగ్‌లో క్వాలిఫయింగ్‌లో తీసింది 6:11.13. 2024లో మెర్సిడెస్ ఏఎంజీ వన్, ఎఫ్1 నుంచి తెచ్చిన ఇంజన్‌తో, 1,063 హార్స్‌పవర్‌తో, 6:29.090. రెండిట్లోనూ ల్యాప్ పొడవు 20.832. నలభై ఒక్క ఏళ్ల కిందటి రేస్ కారు, సుమారు 620 హార్స్‌పవర్‌తో, 18 సెకన్లు ముందుంది. 956 తరగతి కార్లకు కనీస బరువు 800 కిలోలు, ఏఎంజీ వన్ దాదాపు 1,700.

అదే పోర్షే 2018లో 919 ఈవోతో 5:19.546 తీసింది. దాన్ని మాత్రం రేస్ కారని లెక్కలో వేయకండి. ఏ రేస్ నిబంధనకూ లోబడకుండా బరువు 849 కిలోలకు తగ్గించి, డౌన్‌ఫోర్స్ సగానికి పైగా పెంచిన బండి అది. ఏ రేసులోనూ దిగడానికి వీల్లేదు.

పెన్నేటి టర్బో (అనంతపురం)

శానా థ్యాంక్స్ అన్నా, బరువూ డౌన్‌ఫోర్సూ అర్థమైంది. గ్రిప్ గుణకం 1.0 నుంచి 1.5కి పోతేనే వేగం 113 నుంచి 138 అవుతుంది అన్నారు కదా. అట్లయితే నా కారుకు స్లిక్ వేసుకుంటే ఆ 25 కిలోమీటర్లు నాకూ రావాలి కదా? గ్రూపులో ఆయన చెప్పేది కూడా అదే.

కడప షెడ్డు

రావు తమ్ముడూ. దాని బదులు వేరే ఖర్చులు వస్తాయి. ఎందుకో చెప్తా.

స్లిక్ టైరు పట్టు ఇవ్వాలంటే రబ్బరు 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కాలి. 115 హార్స్‌పవర్ సెడాన్ దాన్ని అంత వేడి చేయడం కష్టం. వెనక టైర్లయితే అసలు వేడెక్కవు, ఎందుకంటే నీది ముందు చక్రాలు తిప్పే కారు. ముందు పట్టు ఉండి వెనక జారితే మలుపులో బండి గిర్రున తిరుగుతుంది.

రెండోది క్యాంబర్, అంటే చక్రం నిలువుగా కాకుండా వాలి ఉండే కోణం. పైభాగం లోపలికి వాలితే నెగెటివ్. మన కార్లకు ముందు చక్రం క్యాంబర్ సున్నాకు అటూఇటూ, మహా అయితే అర డిగ్రీ నెగెటివ్. రేస్ కార్లకు మూడు, నాలుగు డిగ్రీలు పెడతారు. మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు మొత్తం నేలకు ఆనడానికి అది. మెత్తటి స్ప్రింగులతో, ఆ క్యాంబర్ లేకుండా స్లిక్ వేస్తే బయటి అంచు మీదే బరువంతా పడుతుంది. కొన్ని ల్యాపులకే అంచు చిరిగిపోతుంది, లోపలి సగం కొత్తగానే ఉంటుంది. డబ్బు పెట్టిన రబ్బరులో సగం వాడుకోలేదన్న మాట.

మూడోది ఇంజన్ ఆయిల్. ఇది శానా ముఖ్యం, ఎవరూ చెప్పరు. రోడ్డు కారులో ఆయిల్ ఇంజన్ కింది తొట్టిలో (సంప్‌లో) నిలబడి ఉంటుంది. పట్టు పెరిగి, పొడుగు మలుపులో ఎక్కువసేపు పక్కకు బలం పడితే ఆయిల్ ఒక వైపుకు పోతుంది, పంపు గాలి పీలుస్తుంది. రెండు మూడు సెకన్లు ఆయిల్ అందకపోయినా బేరింగ్ షెల్స్ దెబ్బతింటాయి. రేస్ కార్లలో డ్రై సంప్ పెట్టేది ఇందుకే: ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, పంపులు లాగి పంపిస్తాయి. రోడ్డు టైరైతే ఆ బలం రాకముందే జారుతుంది, అదే ఇంజన్‌ను కాపాడుతుంది. పెట్రోలు ట్యాంకులో కూడా ఇదే తంతు. పావు ట్యాంకు కన్నా తగ్గితే పొడుగు మలుపులో పెట్రోలు అందక ఇంజన్ తడబడుతుంది. సగం ట్యాంకుతో మొదలుపెట్టు, అంతకు మించి వద్దు, బరువు.

వీల్ బేరింగులు, బాల్ జాయింట్లు, బ్రేక్ డిస్కులు కూడా రోడ్డు టైరు పట్టుకు తగ్గట్టు చేసినవే. టైరు ఒక్కటి మారిస్తే మిగతా బలహీనమైనవన్నీ ఒకదాని వెంట ఒకటి బయటపడతాయి. స్లిక్ టైర్లు రోడ్డు మీద వేసుకుపోవడం చట్టప్రకారం కుదరదు, వానొస్తే నిలబడవు కూడా.

ఇక ఏది ముందు మార్చాలి అంటావా, బ్రేక్ ఆయిల్. పవర్ పెంచే రీమ్యాప్ గీమ్యాప్ ఇప్పుడు తలపెట్టకు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4కు కనీస మరిగే స్థాయి కొత్తదైతే 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. డాట్ 5.1కు 260, 180. ట్రాక్‌లో గట్టిగా పది సార్లు బ్రేకు కొడితే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దగ్గర ఆయిల్ ఆ తేమ పట్టిన స్థాయిని దాటొచ్చు. అప్పుడు లోపల ఆవిరి బుడగలు కడతాయి, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది, బ్రేకు పడదు. ప్యాడ్లు కాలితే కథ వేరు: పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. ఈ తేడా తెలిసుంటే ఏది మార్చాలో ట్రాక్ పక్కనే తేలిపోతుంది. పోయే వారం ముందు లీటరు కొత్త డాట్ 4 గానీ 5.1 గానీ పోయించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించు. సీలు తీసి ఎన్నాళ్లో అయిన డబ్బా వాడొద్దు. డాట్ 5 అని సిలికాన్‌ది వేరే ఉంటుంది, అది వీటితో కలవదు, జాగ్రత్త.

తర్వాత ప్యాడ్లు. మందం సగం కన్నా తక్కువుంటే కొత్తవి. పూర్తి ట్రాక్ ప్యాడ్లు మాత్రం వేసుకుని అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె మీదుగా చెన్నైకి నడపొద్దు. చల్లగా ఉన్నప్పుడు అవి సరిగా పట్టవు. ఘాట్‌లో లారీ ముందు ఆగాల్సి వస్తే తెలుస్తుంది.

టైర్లు నీకున్న రోడ్డువే చాలు. నాలుగేళ్లు దాటినవైతే మార్చు, రబ్బరు గట్టిపడి ఉంటుంది. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు 28 పీఎస్ఐ పెట్టు. రెండు మూడు ల్యాపులు తిరిగి వచ్చిన వెంటనే పిట్‌లో కొలువు. 33, 34కు పెరిగి ఉంటే బాగుంది. 36 దాటితే రోంత వదులు. పక్క గోడ మీదికి అరుగుదల వచ్చిందంటే గాలి తక్కువైనట్టు, రెండు పీఎస్ఐ పెంచు. దూరం నుంచి నడిపి వచ్చిన టైరు వేడిగా ఉంటుంది, అప్పుడు కొలిస్తే లెక్క తప్పుతుంది. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు కంపెనీ చెప్పిన గాలి మళ్లీ కొట్టించుకో.

బురుజు కర్నూలు

కడప అన్న చెప్పినదాంట్లో కొట్టేసేది ఒక్కటీ లేదు. టైమ్ కొలవడం గురించి నేను చెప్తా.

ఫోనులోని జీపీఎస్ చాలావరకు సెకనుకు ఒక్కసారే చోటు చెబుతుంది. 150 వేగంలో సెకనుకు 41.7 మీటర్లు పోతావు, అంటే రెండు చుక్కల మధ్య అంత ఖాళీ. యాప్ మధ్యలో లెక్కగట్టి చూపిస్తుంది కానీ అర సెకను అటూఇటూ నమ్మలేం. బ్లూటూత్‌తో కలిసే విడి జీపీఎస్ సెకనుకు 10 సార్లు కొలిచేది తీసుకుంటే ఖాళీ 4.2 మీటర్లకు తగ్గుతుంది, ట్రాక్ డేకు అది సరిపోతుంది. గాజు కింద, ఆకాశం కనిపించేట్టు పెట్టు. యాప్‌లో ప్రారంభ గీత స్ట్రెయిట్ మధ్యలో, దారికి అడ్డంగా గీయి. మలుపు దగ్గర పెడితే నువ్వు బండి పోనిచ్చే లైను మారినప్పుడల్లా టైమ్ కూడా మారుతుంది.

ఇరుంగాట్టుకోట్టై 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. మొత్తం ల్యాప్ టైమ్ కన్నా మూడు ముక్కలుగా సెక్టార్లు పెట్టుకో, ప్రతి మలుపులో అతి తక్కువ వేగం ఎంతో చూడు. రెండు ల్యాపుల మధ్య ఆ కనీస వేగం 3 కిలోమీటర్లు పెరిగితే దాని లాభం తర్వాతి స్ట్రెయిట్ చివర కనిపిస్తుంది. బ్రేకు ఆలస్యంగా కొట్టి కనీస వేగం తగ్గించుకుంటే ఆ సెక్టార్ మొదటి సగం యాప్‌లో ఆకుపచ్చగా (టైమ్ లాభం), రెండో సగం ఎర్రగా (నష్టం) వస్తుంది. కొత్తవాళ్లు టైమ్ పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

ఎండ లెక్క కూడా వేసుకో. 15 డిగ్రీల గాలి కన్నా 40 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ పవర్ దాదాపు అంతే పడిపోతుంది. టర్బో కారైతే ఇంటర్‌కూలర్ వేడెక్కి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) టర్బో గాలి ఒత్తిడిని తగ్గిస్తుంది. రెక్కలున్న కార్లకు డౌన్‌ఫోర్స్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. జర్మనీలో చల్లటి పొద్దున తీసిన ల్యాప్‌నూ మన ఏప్రిల్ మధ్యాహ్నం తీసినదాన్నీ పక్కన పెట్టేటప్పుడు ఇది మరవొద్దు. నీ సొంత ల్యాపులనే పోల్చుకున్నా పొద్దున ఏడు గంటలవి పొద్దున వాటితోనే చూడు.

ఇంకొకటి, గట్టిగానే చెప్తున్నా. ఈ యాప్ పెట్టుకుని కర్నూలు అనంతపురం మధ్య ఎన్‌హెచ్ 44 మీద టైములు చూసుకునే పని వద్దు. అక్కడ ట్రాక్టర్లు ఎదురుదారిలో వస్తాయి, గొర్రెల మందలు దాటుతుంటాయి.

పెన్నేటి టర్బో (అనంతపురం)

అర్థమైంది అన్నా, హైవే మాట ఎత్తను. స్లిక్ ఆలోచన మానేశా. బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, 10 హెర్ట్జ్ (సెకనుకు 10 సార్లు కొలిచే) జీపీఎస్, ఈ మూడే తీసుకుంటా. ఒక్కసారి ట్రాక్‌లోకి దిగితే ఎన్ని ల్యాపులు తిరగొచ్చు? ఆపకుండా పోతే ఏమవుతుంది?

కడప షెడ్డు

మొదటి ల్యాప్ నెమ్మదిగా, టైర్లూ బ్రేకులూ వేడెక్కడానికి. తర్వాత రెండు, మహా అయితే మూడు గట్టిగా. చివరిది బ్రేకు దాదాపు ముట్టుకోకుండా, పై గేరులో, చల్లబడటానికి. మొత్తం నాలుగైదు ల్యాపులు, తర్వాత కనీసం ఇరవై నిమిషాలు విశ్రాంతి. అంతకు మించి పోతే ముందర ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, తర్వాత టర్బో వేడికి పవర్ పడిపోతుంది. టైమ్ ఎట్లాగూ మెరుగుపడదు.

పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు. వేడి మీదున్న ప్యాడ్ డిస్కును ఒకే చోట పట్టుకుని ఉంటే ఆ చోట ప్యాడ్ పదార్థం మరకలా అంటుకుంటుంది, తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా బండి వణుకుతుంది. గేరులో పెట్టి చక్రం కింద చెక్క ముక్క పెట్టు. ఇంజన్ వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బోలో ఆయిల్ మాడిపోదు.

చక్రం నట్లు మొదటి సెషన్ అయ్యాక, బాగా చల్లబడ్డాక, టార్క్ రెంచితో చూడు. ఎంత బిగించాలో నీ కారు పుస్తకంలో ఉంటుంది, చాలా సెడాన్లకు 110 నుంచి 120 న్యూటన్ మీటర్లు. పంచర్ షాపులో గాలి గన్నుతో బిగించినవి ఒక్కోటి ఒక్కో లెక్కలో ఉంటాయి, కాబట్టి ఇంటి దగ్గరే ఒకసారి వదులు చేసి రెంచితో బిగించుకుని బయల్దేరు. డిక్కీలో స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, నీళ్ల సీసాలు అన్నీ పిట్‌లో దించెయ్. డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ తప్పకుండా తియ్యి, పెడల్ కింద ఇరుక్కుంటుంది. టోయింగ్ హుక్కు మాత్రం ముందే బిగించి ఉంచుకో.